కణాల వయసు మాత్రలు కొనే ముందు: వంటింట్లో ఎలా మొదలుపెట్టాలి

“మేడమ్, కర్క్యుమిన్ మాత్రలు మొదలుపెట్టొచ్చా?” “అక్కా, రెస్వెరాట్రాల్ ఏ కంపెనీది తెప్పించుకోమంటారు?” “మా అబ్బాయి అమెరికా నుంచి క్వెర్సెటిన్ డబ్బా పంపాడు, పొద్దున వేసుకోవాలా, రాత్రా?” కణాలు ముసలివి కాకుండా ఆపుతాయని అమ్మే మాత్రల గురించి ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా రాకుండా నాకు వారం గడవదు. బెంగళూరులో ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. ఉండేది కేఆర్ పురం వైపు. మా అపార్ట్‌మెంట్‌లో సగానికి పైగా తెలుగువాళ్లమే. లిఫ్టులో ఒకరికి, ఆకుకూరల బండి దగ్గర ఇంకొకరికి చెప్పిందే చెబుతున్నాను కాబట్టి మొత్తం ఇక్కడ వరసగా రాసేస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరా చాలు. వయసు పెరిగేకొద్దీ కొన్ని కణాలు విడిపోవడం మానేస్తాయి, అలాగని చచ్చిపోవు. ఉన్నచోటే ఉండి, పక్క కణాలకు వాపు కలిగించే పదార్థాలు వదులుతుంటాయి. ఇంకోవైపు, కణం తనలోని చెత్తను తానే శుభ్రం చేసుకునే పని కూడా మందగిస్తుంది. ఈ శుభ్రం చేసుకునే పద్ధతి మీద చేసిన పరిశోధనకే జపాన్ శాస్త్రవేత్త యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఉల్లి (క్వెర్సెటిన్), పసుపు (కర్క్యుమిన్), ఆవాలు, ద్రాక్ష తొక్క (రెస్వెరాట్రాల్) లాంటి వాటిలో ఉండే కొన్ని పదార్థాలు ఈ రెండు చోట్లా కొంత సాయం చేస్తాయని ప్రయోగశాలల్లో కనిపించింది. ఎక్కువగా ఈస్టులో, పురుగుల్లో, ఎలుకల్లో.

అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ నడిపే ఎలుకల పరీక్షల్లో రెస్వెరాట్రాల్, కర్క్యుమిన్, గ్రీన్ టీ సారం మూడింటినీ విడివిడిగా మేతలో కలిపి పెట్టి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ మూడింటిలో ఏదీ ఎలుకల ఆయుష్షును చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. కాబట్టి వయసు వెనక్కి తిప్పుతామని ఎవరు చెప్పినా నమ్మకండి. మరి ఇదంతా ఎందుకు అంటారా? ఈ పదార్థాలున్న తిండి బీపీకి, షుగరుకు, గుండెకు మంచిదని చెప్పడానికి మనుషుల్లోనే తగినంత ఆధారం ఉంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. ఒక్క చిక్కేమిటంటే మొక్కలో ఉండటం వేరు, మీ ఒంటికి అందడం వేరు. మధ్యలో కత్తి, గడియారం, నూనె, మంట ఉన్నాయి. చాలా ఇళ్లలో ఆ మధ్యలోనే పోతోంది. ఈ రాతంతా దాని గురించే.

కావలసినవి

బెంగళూరులో బండివాళ్లను అడగడానికి వీలుగా కన్నడ పేర్లు కూడా ఇస్తున్నాను.

- ఎర్ర ఉల్లి (ఈరుళ్ళి), వెల్లుల్లి (బెళ్ళుళ్ళి)
- ఆవాలు (సాసివె), సన్నవైనా పెద్దవైనా పర్వాలేదు, పచ్చివి కావాలి, వేయించినవి పనికిరావు
- పసుపు కొమ్ములు లేదా పొడి (అరిశిణ), మిరియాలు (మెణసు)
- క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, ముల్లంగిలో ఏదో ఒకటి
- మునగాకు (నుగ్గె సొప్పు)
- రాగి పిండి, ఉలవలు (హురుళి కాళు)
- ఉసిరికాయ (నెల్లికాయి), దొరికే కాలంలో నేరేడు (నేరళె హణ్ణు), నల్ల ద్రాక్ష
- చిన్న మిక్సీ జారు లేదా రోలు, ఒక టైమరు, కొలత చెంచా, ఒక నోటుబుక్కు

టైమరు ముఖ్యం. ఫోనులోది చాలు.

1. ముందు మీ మందుల చీటీ తీయండి

కూరగాయల దగ్గరికి వెళ్లేముందు ఈ పని చేయండి. దీన్ని మొదట పెట్టడానికి ఒక కారణం ఉంది. మా పెద్దక్కకు గుండె కవాటం మార్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. నాలుగేళ్ల కిందట కీళ్లనొప్పులకు మంచిదని ఎవరో చెబితే మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు మొదలుపెట్టింది. మాకెవరికీ చెప్పలేదు, పసుపే కదా అనుకుంది. మూడో వారంలో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తే ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. డాక్టరు ముందు ఆ మాత్రలు ఆపించారు, తర్వాత మందు మోతాదు సరిచేశారు. బయోకెమిస్ట్రీ చదివిన చెల్లెలిని ఇంట్లో పెట్టుకుని ఆ మాట నాకు ముందే తెలియకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

కాబట్టి:

- వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఏ సారం మాత్రా సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆకుకూరలు కూడా ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. వాటిలోని విటమిన్ కె మందుకు ఎదురు పనిచేస్తుంది. రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తినండి.
- క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అవయవ మార్పిడి అయినవాళ్లు ఇంటి తిండి తినండి. మాత్రల జోలికి మాత్రం డాక్టరును అడగకుండా వెళ్లకండి.
- షుగరు మందులు వాడేవాళ్లు తిండి మార్చిన మొదటి రెండు వారాలు షుగరు తరచుగా చూసుకోండి.
- కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర తగ్గించుకోండి, దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ.
- రక్తహీనత ఉంటే టీ, కాఫీ భోజనంతో పాటు వద్దు. గంట ఎడం ఇవ్వండి. ఐరన్ మాత్రకూ ఇదే నియమం.

ఈ జాబితాలో మీరు లేకపోతే ముందుకు వెళ్లండి.

2. కొనేటప్పుడు

బెంగళూరు చుట్టుపక్కల మురుగునీటితో పెరిగే ఆకుకూరల్లో సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అవి ఎంత కడిగినా పోవు, ఆకు లోపలే ఉంటాయి. అందుకే బండి దగ్గర “ఎల్లింద బరుత్తె సొప్పు?” అని అడగడం అలవాటు చేసుకోండి, ఈ ఆకు ఎక్కడి నుంచి వస్తుంది అని. నెలరోజులు అడిగితే ఎవరు నిజం చెబుతున్నారో మీకే తెలుస్తుంది. ఒకే చోటి నుంచి ఎప్పుడూ కొనకుండా మారుస్తూ ఉండండి. ఇంటి ముందు కొంచెం నేల ఉంటే ఒక మునగ కొమ్మ నాటండి, అంతకంటే నమ్మకమైన ఆకు దొరకదు.

ఉల్లి గట్టిగా, ముదురు ఎరుపు రంగులో ఉండాలి. పొరల మధ్య నల్లటి పొడి కనిపిస్తే అది బూజు. ఆ పొరలు తీసి పారేయండి, లోపలికీ పాకితే ఉల్లి మొత్తం వదిలేయండి. చిన్న ఉల్లిపాయలకు తొక్కకు దగ్గరగా ఉండే భాగం ఎక్కువ కాబట్టి సాంబారుకు అవే తీసుకోండి.

పసుపు పొడికి ఇంట్లో ఒక పరీక్ష ఉంది. గాజు గ్లాసు నీళ్లలో ఒక చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుక్కు దిగుతుంది, పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లంతా చిక్కటి పసుపు రంగు పట్టేస్తే రంగు కలిపారని అనుమానించండి. కొమ్ములు కొని పట్టించుకుంటే ఇంకా మేలు. కొమ్ములు కూడా బయట మరీ మెరిసిపోతుంటే వద్దు, పాలిష్ కోసం సీసం ఉన్న రంగు రుద్దే మోసం మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడింది.

3. ఉల్లి తొక్క పల్చగా తీయండి, వెల్లుల్లి చిదిమి ఆగండి

ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ ఎక్కువగా బయటి పొరల్లోనే ఉంటుంది. మనం తొందరలో ఎండు తొక్కతో పాటు మొదటి రెండు ఎర్ర పొరలనూ లాగి చెత్తబుట్టలో వేస్తాం. ఎండిన తొక్క మాత్రమే తీయండి. కాస్త తోలులా గట్టిగా ఉన్న పొరను సన్నగా తరిగి సాంబారులోనో ఉలవచారులోనో వేయండి, తెలియను కూడా తెలియదు.

నూనెలో వేయిస్తే క్వెర్సెటిన్ పెద్దగా పోదు, మాడ్చకపోతే చాలు. నీళ్లలో ఉడికిస్తే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోయకండి.

వెల్లుల్లి సంగతి వేరు. దాంట్లోని అల్లిసిన్ అనే ఘాటు పదార్థం రెబ్బను చిదిమాకే తయారవుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైము వేడి తగలగానే చచ్చిపోతుంది. చిదిమి వెంటనే కాగిన నూనెలో వేస్తే వాసన వస్తుంది గానీ అసలు పదార్థం సరిగా తయారు కాదు. చిదిమాక 10 నిమిషాలు గిన్నెలో ఉంచి, ఆ తర్వాత వేయండి. వంట మొదలుపెట్టగానే చేసే మొదటి పని ఇదే అయితే విడిగా ఆగాల్సిన అవసరం కూడా ఉండదు.

4. ఆవ పెట్టండి

ఈ మెట్టు మీద మనసు పెట్టండి. మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటి చేసినా నాకు సంతోషమే.

బ్రకోలీ, క్యాబేజీ, కాలీఫ్లవర్ కుటుంబంలో సల్ఫోరఫేన్, దాని అన్నదమ్ముల్లాంటి పదార్థాలు తయారవుతాయి. కణం తనను కాపాడుకునే ఎంజైములను ఇవి మేల్కొలుపుతాయి. బ్రకోలీలో సల్ఫోరఫేన్ ఎక్కువ, క్యాబేజీ, కాలీఫ్లవర్‌లో తక్కువ. పచ్చి కూరలో ఇది నేరుగా ఉండదు. ముడిసరుకు ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. తరిగినప్పుడు రెండూ కలుస్తాయి. కుక్కర్లో రెండు విజిల్స్ వచ్చేసరికి ఎంజైము పోతుంది, ముడిసరుకు ముడిసరుకుగానే మిగిలిపోతుంది.

2018లో వచ్చిన ఒక చిన్న పరీక్షలో 200 గ్రాముల ఉడికిన బ్రకోలీ మీద 1 గ్రాము ఆవపొడి చల్లి తినిపించారు. చల్లకుండా తిన్నప్పటి కంటే 4 రెట్లకు పైగా సల్ఫోరఫేన్ ఒంటికి అందింది. ఆవాల్లో అదే ఎంజైము ఉంది కాబట్టి పోయినదాని పని ఇది చేసింది. ఆ వ్యాసం చదువుతుంటే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడది కాకినాడ. అరటికాయ గానీ పనసపొట్టు గానీ ఆవ పెట్టిన కూర చేస్తే, పొయ్యి ఆపి, మూకుడు కిందికి దించి, చెయ్యి వెనక భాగాన్ని కూరకు దగ్గరగా పెట్టి వేడి చూసి, అప్పుడు ఆవ ముద్ద కలిపేవారు. “మంట మీద వేస్తే చేదెక్కుతుందమ్మా” అనేవారు. చేదు తప్పించడానికి ఆవిడ చేసిన పనే ఎంజైమునూ కాపాడుతుంది. మనం పాత కూరలకు పెట్టే ఆవను క్యాబేజీకి, బ్రకోలీకి పెడితే సరిపోతుంది.

ఎలాగంటే:

క) పావు కిలో క్యాబేజీని కడిగి, తడి ఆర్చి, సన్నగా తరగండి. తరిగాక కడగకండి. టైమరు 40 నిమిషాలు పెట్టి వదిలేయండి. ఆఫీసుకు వెళ్లే హడావుడిలో కుదరదు అనుకుంటే రాత్రి తరిగి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఖ) అర చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు పొడి చేయండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కకూడదు. రెండు చెంచాల చన్నీళ్లు పోసి ముద్ద చేసి 10 నిమిషాలు పక్కన పెట్టండి.

గ) మూకుడులో కొంచెం నూనె, మినప్పప్పు, కరివేపాకు పోపు. క్యాబేజీ వేసి, నీళ్లు చిలకరించి, మూత పెట్టి 5 నిమిషాలు మగ్గనివ్వండి. కొరికితే కరకరలాడాలి.

ఘ) పొయ్యి ఆపండి. మూత తీసి 5 నిమిషాలు ఆగండి. చెయ్యి దగ్గర పెడితే ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడు ఆవ ముద్ద కలిపి మళ్లీ మూత పెట్టండి. ఇంకో 10 నిమిషాలు.

ఙ) పులుపు కావాలంటే నిమ్మకాయ, అదీ వడ్డించే ముందు. పులుపు ముందే కలిపితే ఎంజైము పని మందగిస్తుంది, ఘాటు రాదు. చింతపండు గుజ్జుతో చేసే పాత పద్ధతి రుచికి బాగానే ఉంటుంది, ఈ పనికి మాత్రం నిమ్మకాయ మేలు.

పోపులో చిటపటలాడిన ఆవాలు లెక్కలోకి రావు. అవి రుచికే. షాపులో దొరికే ఫ్రోజెన్ బ్రకోలీని ముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు కాబట్టి దానికి ఆవ పెట్టడం మరీ అవసరం. మునగాకులోనూ ఇదే జాతి పదార్థం ఉంది. పప్పులో వేసేటప్పుడు మొదట్లో వేసి ఉడకబెట్టకుండా, పప్పు దించే రెండు నిమిషాల ముందు వేయండి.

థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లు ఇది తినొచ్చా అని తప్పకుండా అడుగుతారు. పచ్చి క్యాబేజీ రసాలు గ్లాసులు గ్లాసులు తాగితేనే ఇబ్బంది. అయోడిన్ ఉప్పు వాడుతూ, ఇలా మగ్గించిన కూర వారానికి మూడుసార్లు తింటే భయం లేదు.

5. పసుపు, మిరియాలు, కొవ్వు

పసుపులో కర్క్యుమిన్ నూటికి ఇంచుమించు 3 పాళ్లే. ఆ కొద్దిపాటిదీ పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో మన బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చెప్పుకుంటారు. 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇస్తే అందే మోతాదు 2000 శాతం పెరిగింది. మిరియాల ఘాటు పైపరిన్ వల్లే. 20 మిల్లీగ్రాములంటే పావు చెంచా మిరియాల పొడి కంటే ఎక్కువ కాదు.

ఈ అంకె పట్టుకుని మాత్రల డబ్బాల మీద చాలా రాస్తారు. 2 గ్రాముల కర్క్యుమిన్ అంటే 60 గ్రాములకు పైగా పసుపు. ఎవరూ తినలేరు, తినకూడదు కూడా. ఇంట్లో చేయాల్సింది చిన్న పని: రోజుకు పావు నుంచి అర చెంచా పసుపు, దాంతో పాటు మిరియాలు, కొంచెం నెయ్యి లేదా నూనె. మిరియాల చారు పెట్టేటప్పుడు పసుపును నెయ్యిలో పది సెకన్లు వేయించి చారు పోయండి, మూడూ ఒకేచోట కలుస్తాయి. పాలలో పసుపు తాగేవాళ్లు చిటికెడు మిరియాల పొడి కూడా వేసుకోండి. వెన్న తీసిన పాలు వద్దు.

మిరియాల సారం మాత్రతో అంత అవసరం లేదు. కర్క్యుమిన్‌ను ఒంట్లో నిలిపే దారిలోనే అది మీరు వేసుకునే ఇతర మందులనూ ఎక్కువసేపు నిలుపుతుంది. పసుపు సారం మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వస్తున్నాయని 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కూరలో వేసే పసుపుకు ఆ హెచ్చరిక వర్తించదు.

6. రాగి, గింజలు

రాగిలో పాలీఫినాల్స్ (కర్క్యుమిన్, క్వెర్సెటిన్ లాంటి పదార్థాల జాతి పేరు) దాదాపు అన్నీ ఎర్రటి పైపొరలోనే ఉంటాయి. పిండి జల్లించి పొట్టు పారేస్తే అవీ పోతాయి. షాపులో తెల్లగా, మెత్తగా కనిపించే రాగి పిండి కంటే మరలో ఆడించినది తీసుకోండి. మొలకెత్తించిన రాగులతో చేస్తే ఈ పదార్థాలు కొంత తగ్గుతాయి, ఐరన్ మాత్రం బాగా అందుతుంది. ఇంట్లో ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉంటే మొలకెత్తించినవే వాడండి, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. రాగి సంకటి పక్కన ఉసిరికాయ పచ్చడి కొంచెం పెట్టుకుంటే విటమిన్ సి కూడా తోడవుతుంది. పచ్చడిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు పచ్చి ఉసిరి ముక్కే నమలండి.

స్పెర్మిడిన్ అనే పదార్థం కణం చెత్త శుభ్రం చేసుకునే పనిని పెంచుతుందని ఈస్టులో, ఈగల్లో, పురుగుల్లో చూశారు. ఇటలీలోని బ్రునికో పట్టణంలో 829 మందిని ఇరవై ఏళ్లు గమనించి 2018లో రాసినదాని ప్రకారం, ఇది ఎక్కువగా ఉన్న తిండి తిన్నవాళ్లలో మరణాలు తక్కువ. వాళ్ల తిండి మొత్తంగానే మంచిదై ఉండొచ్చు, దీనివల్లే అని తేల్చలేం. సోయా గింజలు, పుట్టగొడుగులు, పచ్చి బఠానీలు, గోధుమ మొలక భాగంలో ఇది బాగా ఉంటుంది. వారంలో రెండుసార్లు పుట్టగొడుగుల కూర, రెండుసార్లు బఠానీలు చాలు.

7. పండ్లు, టీ

నల్ల ద్రాక్ష తొక్కతో తినాలి. బెంగళూరు బ్లూ అని మన దగ్గర దొరికే నల్ల ద్రాక్ష తొక్క మందంగా, కొంచెం వగరుగా ఉంటుంది. పిల్లలు గుజ్జు పీల్చి తొక్క ఉమ్మేస్తారు, రంగు పదార్థాలన్నీ ఆ తొక్కలోనే ఉన్నాయి. ఉప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి, రెండుసార్లు కడిగి తినండి. జూన్, జూలైలో నేరేడు దొరికినన్నాళ్లూ వదలకండి. దానిమ్మ గింజల నుంచి మన పేగుల్లోని బ్యాక్టీరియా యూరోలిథిన్ అనే పదార్థం చేస్తుంది, అందరి పేగుల్లోనూ తయారవదు. తిని హాయిగా ఉంటే తినండి, అంతే.

రెడ్ వైన్‌లో రెస్వెరాట్రాల్ ఉందని తాగడం మొదలుపెట్టకండి. లీటరు వైన్‌లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, ఆల్కహాల్ చేసే చెడు దానికంటే చాలా ఎక్కువ.

గ్రీన్ టీకి నీళ్లు మరిగాక దించి రెండు నిమిషాలు ఆగి, ఆకు వేసి మూడు నిమిషాలకు వడకట్టండి. రోజుకు రెండు కప్పులు. గ్రీన్ టీ సారం మాత్రలు వేరే సంగతి. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) తీసుకుంటే కాలేయానికి చేటని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

8. రోజుకు ఎంత

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. మీ ఇంట్లో ఒకరోజు వండినవి తూకం వేసి, తినేవాళ్ల సంఖ్యతో భాగించి చూడండి. మా ఇంట్లో మొదటిసారి చూస్తే మనిషికి 170 గ్రాములు వచ్చింది. ఆ లోటు పూడ్చకుండా ఏ పదార్థం గురించి ఆలోచించినా ఉపయోగం లేదు.

వారానికి మూడు రోజులు ఆవ పెట్టిన కూర, రెండు రోజులు మునగాకు పప్పు, రోజూ ఉల్లి, వెల్లుల్లి, మిరియాలతో పసుపు. ఇంతే టైంటేబుల్. మొదటి వారమే అన్నీ మార్చకండి, కడుపు ఉబ్బరం వస్తుంది. ఒక్కో వారం ఒక్కో మెట్టు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆవ ముద్దను వేడి నీళ్లతో కలపడం. ఎంజైము అక్కడే పోతుంది, పైగా చేదు.

కూరముక్కలు తరిగి నీళ్లలో నానబెట్టి ఉంచడం. ఇది మన ఇళ్లలో బాగా ఉంది. వంకాయకు సరే, క్యాబేజీకి వద్దు.

ఏడెనిమిది పదార్థాలు ఒకే మాత్రలో ఉన్నాయని కొనడం. తేడా చేస్తే దేనివల్లో డాక్టరుకు కూడా తెలియదు. ఎంత చెప్పినా కొంటానంటే, డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. డాక్టరుకు ఆ డబ్బాయే తీసుకెళ్లి చూపించండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, దురద వచ్చినా ఆరోజే ఆపి కాలేయ పరీక్ష చేయించండి.

ఎలుకల వార్త చదివి దాన్ని మనిషికి అన్వయించుకోవడం. 2018లో ఫైసెటిన్ అనే మొక్కల పదార్థం ఇచ్చిన ముసలి ఎలుకలు ఎక్కువకాలం బతికాయని వార్త రాగానే, స్ట్రాబెర్రీల్లో అది ఉందని మా కొలీగ్ ఒకావిడ కిలోలు కిలోలు కొన్నారు. ఎలుకలకు ఇచ్చిన మోతాదు పండ్లతో ఎన్నటికీ రాదు.

మంచి తిండి మొదలుపెట్టాం కదా అని బీపీ మాత్ర ఆపేయడం. దయచేసి ఈ పని చేయకండి.

సరిగా చేశారో లేదో చూసుకోవడం

వంటింట్లో: పొడి ఆవపిండి వాసన చూడండి, పెద్దగా ఉండదు. చన్నీళ్లు కలిపి 10 నిమిషాలయ్యాక మూత తీసి మళ్లీ చూడండి. ముక్కు నషాళానికి అంటాలి, కళ్లలో నీళ్లు తిరగాలి. ఆ ఘాటు వస్తే ఎంజైము పనిచేస్తోందని అర్థం. రాకపోతే ఆవాలు పాతబడ్డాయి లేదా మిక్సీలో వేడెక్కాయి, వేరే ప్యాకెట్ తీయండి. కూర తిన్నప్పుడు కూడా చివర్లో ఆ ఘాటు సన్నగా తెలియాలి. వెల్లుల్లికీ అంతే, చిదిమిన పది నిమిషాలకు వాసన మొదటికంటే గట్టిగా ఉండాలి.

ఒంట్లో: టెలోమియర్ల (కణంలోని క్రోమోజోముల చివరి కొసల) పొడవు కొలిచి మీ కణాల వయసు చెబుతామనే పరీక్షలకు వేలు పోయకండి. దాన్నిబట్టి మీ డాక్టరు ఇచ్చే మందు ఏదీ మారదు. నోటుబుక్కులో మొదటిరోజు ఇవి రాయండి: బీపీ, నడుము చుట్టుకొలత, హెచ్‌బీఏ1సీ, కుర్చీ లెక్క. నడుము మన దేశంవాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు షుగరు చెబుతుంది కాబట్టి మూడు నెలలకు ముందు మళ్లీ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

కుర్చీ లెక్క అంటే, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గిందని అర్థం. మోకాళ్ల నొప్పులు, తల తిరగడం ఉన్నవాళ్లు పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని చేయండి. లెక్క తక్కువ వస్తే దాన్ని పెంచే పదార్థం ఏ మొక్కలోనూ లేదు, రోజూ సాయంత్రం అదే కుర్చీలో పది పదిసార్లు రెండు విడతలు లేచి కూర్చోండి.

మూడు నెలల తర్వాత అదే టేపుతో, అదే కుర్చీలో, రోజులో అదే వేళకు మళ్లీ చూసి మొదటి పేజీ పక్కన రాయండి. బీపీ, షుగరు అంకెలు తగ్గితే ఆ నోటుబుక్కుతోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, మందు మోతాదు మార్చాలో వద్దో ఆయన చూస్తారు.